ఉప్పు తగ్గించమంటే ఎంత తగ్గించాలి?

ఉప్పు తగ్గించండి. పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోండి. పౌష్టికాహారం తీసుకోండి. తగిన జాగ్రత్తలు పాటించండి. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా, కుప్పం వైపు ఏ చిన్న ఊరిలోనైనా ఆరోగ్య కేంద్రం గోడ మీద ఇలాంటి వాక్యాలు కనిపిస్తూనే ఉంటాయి. వీటిలో ఒక్క మాటా కఠినమైనది కాదు. ఐదో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా చదువుతారు. అయినా చదివిన మనిషి ఇంటికి వెళ్ళి రేపటి నుంచి ఏం మార్చుకోవాలో వాటిలో ఎక్కడా లేదు.

ఆరోగ్య సలహాలను జనానికి తేలిక భాషలో చెప్పాలన్న చర్చ వచ్చినప్పుడల్లా అది మాటల ఎంపిక దగ్గరే ఆగిపోతుంది. రక్తపోటు అనాలా, బీపీ అనాలా? మధుమేహం అనాలా, షుగర్ అనాలా? జనం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పేశారు. చదువుకున్నవారూ చదువుకోనివారూ షుగర్, బీపీ అనే అంటున్నారు. రాసేవారూ అలాగే రాస్తే చాలు. అసలు చిక్కు ఇంకో చోట ఉంది. చదివేవారు చేయవలసిన పని ఏమిటో రాసినవారే తేల్చుకోలేదు. ఎవరు చేయాలి, ఎంత చేయాలి, ఎప్పుడు చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నవి తేల్చడానికి వైద్యం తెలిసి ఉండాలి, జనం బతుకు తెలిసి ఉండాలి, చెప్పినదానికి బాధ్యత తీసుకునే ధైర్యం కూడా ఉండాలి. ఆ మూడింటిలో ఏది కొరవడినా మిగిలేది ‘తగిన జాగ్రత్తలు పాటించండి’ అన్న వాక్యమే.

ఉప్పు సంగతే చూద్దాం. పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా 5 గ్రాములు దాటవద్దనే అంటున్నాయి. అంటే పైన పోగు లేకుండా తలకొట్టిన ఒక చిన్న చెంచాడు. ఇంతవరకు చెప్పినా సగం పనే అయినట్టు. ఎందుకంటే ఏ ఇంట్లోనూ మనిషి మనిషికీ ఉప్పు కొలిచి పెట్టరు, వంట గిన్నెలో వేస్తారు. కాబట్టి ఆ లెక్కను నెల సరుకుల లెక్కగా మార్చి చెప్పాలి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు, నెలకు 600 గ్రాములు. కిలో పాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. నెల తిరగకుండానే ఇంకో పాకెట్టు కొంటున్నారంటే ఉప్పు ఎక్కువ పడుతోందని ఇల్లాలికే కాదు, సరుకులు తెచ్చే మగవాడికీ వెంటనే తెలుస్తుంది.

పైగా ఈ ప్రాంతంలో ఉప్పంతా కూర గిన్నెలోంచే రాదు. ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఆవకాయ, సంగటిలోకి ఊరుబిండి, మధ్యాహ్నం ఉప్పు వేసిన మజ్జిగ, సాయంత్రం కారాలు, మిక్చరు. వేసవిలో పచ్చళ్ళకోసం విడిగా తెచ్చే రాళ్ళ ఉప్పు ఆ కిలో పాకెట్టు లెక్కలోకి రానే రాదు. కనుక పచ్చళ్ళు బాగా తినే ఇంట్లో పాకెట్టు 50 రోజుల కంటే ఇంకా ఎక్కువ రావాలి. బీపీ ఉన్న మనిషికి ఇలా చెప్పవచ్చు: “కూరలో ఉప్పు కొంచెం తగ్గించండి. ఊరమిరపకాయ, అప్పడం, పచ్చడి మూడూ ఒకే పూట వద్దు, ఏదో ఒకటే వేసుకోండి. అన్నంలో, పెరుగులో పైనుంచి ఉప్పు కలుపుకోవద్దు.” ఇందులో ప్రతి ముక్కా చేయగలిగిన పనే. చేశామో లేదో ఎవరికి వారు చూసుకోగలిగిన పని కూడా.

దీనికి తోడు సైంధవ లవణం, రాళ్ళ ఉప్పు తింటే బీపీ పెరగదన్న నమ్మకం బాగా పాకింది. వాటిలోనూ దాదాపు అంతే సోడియం ఉంటుంది. ‘ఉప్పు తగ్గించండి’ అన్న బోర్డు చూసి తెల్ల ఉప్పు మానేసి సైంధవ లవణం ధారాళంగా వేసుకుంటున్న మనిషి, తాను సలహా పాటిస్తున్నాననే అనుకుంటాడు. జనం దేన్ని ఉప్పుగా లెక్కపెట్టడం లేదో తెలుసుకోకుండా రాసిన సలహాకు ఇదే గతి.

సలహాలన్నిటికీ ఒకే బరువు ఉండదన్నది ఇంకో సంగతి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా ఉండే ఉప్పు గురించి ఒక సిఫారసు చేసింది. మామూలు ఉప్పుకు బదులు పెద్దవారు దాన్ని వాడవచ్చని అంటూనే గర్భిణులను, పిల్లలను, కిడ్నీ జబ్బు ఉన్నవారిని అందులోంచి మినహాయించింది. వైద్య మార్గదర్శకాల భాషలో ఇది షరతులతో కూడిన సిఫారసు. బలమైన సిఫారసంటే దాదాపు అందరికీ మేలు చేస్తుందని గట్టి ఆధారం ఉన్నది. షరతులతో కూడినదంటే మనిషిని బట్టి, అతని మిగతా జబ్బులను బట్టి మారేది. నిపుణులు ఈ తేడాను ఎంతో జాగ్రత్తగా పాటిస్తారు. ఆ సిఫారసు పత్రికలోకి, అక్కడినుంచి వాట్సాప్‌లోకి వచ్చేసరికి ‘ఈ ఉప్పు వాడితే బీపీ మాయం’ అయిపోతుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి అది చదివి ఆ ఉప్పు వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తెలుగులో ఈ తేడా చూపడానికి కొత్త మాటలేమీ పుట్టించనక్కరలేదు. బిడ్డకు టీకా ‘వేయించాలి’, ఈ ఉప్పు ‘వాడవచ్చు, కిడ్నీ జబ్బు ఉంటే వాడకూడదు’. క్రియ చివర మారితే బరువు మారుతుంది. మన ప్రకటనల్లో మాత్రం అన్నీ ‘అండి’తో ముగుస్తాయి. టీకా వేయించండి, తులసి నీళ్ళు తాగండి, పాము కరిస్తే ఆసుపత్రికి వెళ్ళండి. మూడూ ఒకే గొంతుతో వినబడితే దేన్ని తప్పనిసరిగా పట్టుకోవాలో, దేన్ని వదిలేసినా ఫరవాలేదో జనానికి ఎలా తెలుస్తుంది?

మెట్ల దారి, మొక్కు

తిరుమల నడకదారి దగ్గర ఈ సమస్య మొత్తం ఒకేచోట కనబడుతుంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల నడక. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే కానీ బాగా నిటారు. 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం నడిచి వెళ్ళే భక్తులకోసం ఒక ఆరోగ్య సూచన విడుదల చేసింది. అరవై ఏళ్ళు దాటినవారు, షుగర్, బీపీ, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ళ జబ్బులు ఉన్నవారు నడిచి ఎక్కడం మంచిది కాదని, మామూలుగా వాడే మందులు వెంట తెచ్చుకోవాలని అందులో చెప్పారు. దారిలో ఇబ్బంది వస్తే 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సహాయం దొరుకుతుందని, కొండపైన అశ్విని ఆసుపత్రి ఉందని కూడా చెప్పారు.

ఇందులో అన్నిటికంటే విలువైనది ఆ మూడు చోట్ల పేర్లు. ఛాతీ పట్టేసిన మనిషి వెంట ఉన్నవారికి ఆ క్షణంలో కావలసింది ముందుకు వెళ్ళాలా, వెనక్కి దిగాలా అన్నదే. ఆ పేర్లు తెలిస్తే దానికి జవాబు దొరుకుతుంది. దారి పొడవునా ప్రతి వంద మెట్లకూ ‘సహాయం పైకి ఇన్ని మెట్లు, కిందికి ఇన్ని మెట్లు’ అని రాసి ఉంటే, అదీ తెలుగుతోపాటు తమిళం, కన్నడం, హిందీల్లో ఉంటే, ఎన్ని కరపత్రాలు పంచినా జరగని మేలు జరుగుతుంది.

అదే సూచనలో చెప్పిన ఒక కారణాన్ని మాత్రం ఇంకా సరిగ్గా చెప్పి ఉండవచ్చు. కొండ ఎత్తున ఉండటంవల్ల ఆక్సిజన్ తక్కువగా ఉంటుందని, అందుకే గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడవడం మంచిది కాదని అందులో ఉంది. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్లు. ఆ ఎత్తులో గాలి కొద్దిగా పలచబడే మాట నిజమే కానీ చాలామందికి ఆ తేడా తెలియనే తెలియదు. గుండె మీద పడే బరువు ప్రధానంగా మెట్లు ఎక్కే శ్రమవల్లే. కారణం ఏదైతేనేం, ఎక్కవద్దన్న మాట చేరితే చాలదా అనిపించవచ్చు. చాలదు. జనం సలహాను కారణంతో కలిపి గుర్తుపెట్టుకుంటారు, కారణం నుంచి తమంతట తామే ఇంకో సలహా తీస్తారు. ఆక్సిజనే సమస్య అనుకున్నవారు కర్పూరం వాసన పీల్చడమో, చిన్న ఆక్సిజన్ డబ్బా కొనుక్కోవడమో మొదలుపెట్టి నడక ఆపకుండా కొనసాగించవచ్చు. శ్రమే సమస్య అని తెలిసినవారు కూర్చుంటారు. “ఎక్కుతూ మాట్లాడలేనంత ఆయాసం వస్తే కూర్చోండి, తగ్గాకే కదలండి. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే ఇంకొక్క మెట్టు కూడా ఎక్కవద్దు, పక్కనున్నవారిని పిలవండి.” ఈ రెండు వాక్యాలు శ్రమ అన్న కారణం నుంచే పుట్టగలవు.

షుగర్ ఉన్నవారి విషయంలో చెప్పవలసింది ఇంకా ఉంది. చాలామంది ఉపవాసంతో నడుస్తారు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వేసుకుని ఏమీ తినకుండా రెండు వేల మెట్లు ఎక్కితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. జేబులో పటికబెల్లమో, చక్కెర పొట్లమో ఉండాలి. ఇక చెప్పుల సంగతి. కొండను చెప్పులతో ఎక్కకూడదన్నది చాలా కుటుంబాల నియమం. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవారిలో కొందరికి అరికాళ్ళ స్పర్శ తగ్గిపోయి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కాలిన రాతిమెట్టు మీద బొబ్బలు లేచినా వారికి నొప్పి తెలియదు, రెండు రోజుల తర్వాత పుండై చీము పట్టాక తెలుస్తుంది. వీరికి ‘చెప్పులు వేసుకోండి’ అంటే ఆచారం అడ్డం వస్తుంది. ‘తెల్లవారుజామునే బయలుదేరండి, మందపాటి నూలు మేజోళ్ళు వేసుకోండి, రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఎవరిచేతనైనా అరికాళ్ళు చూపించుకోండి’ అంటే ఆచారమూ నిలుస్తుంది, కాలూ నిలుస్తుంది.

మొక్కు సంగతి డాక్టరు ఒక్కడు తేల్చలేడు. కొడుక్కి జబ్బు నయమైతే నడిచి వస్తానని మొక్కుకున్న తల్లికి ‘నడవడం మంచిది కాదు’ అన్న వాక్యం దేవుడికిచ్చిన మాట కంటే చాలా చిన్నదిగా కనబడుతుంది. ఆరోగ్యం సహకరించనివారు బస్సులో వచ్చినా దోషం లేదని అర్చకుల నోట, ప్రవచనకారుల నోట, పెద్దల నోట వస్తే అది ఆమెకు చేరుతుంది. ప్రసాదం విషయంలో ఈ ఇబ్బంది అంత లేదు. శ్రీవారి లడ్డూ బరువు సుమారు 175 గ్రాములు. షుగర్ ఉన్న మనిషికి ‘లడ్డూ తినకండి’ అని చెప్పడం బాధాకరమూ, వృథా కూడా. ప్రసాదాన్ని నలుగురికీ పంచి చిటికెడు కళ్ళకద్దుకుని తీసుకోవడం మన అలవాటే కదా. ఆ అలవాటునే గుర్తుచేస్తే సలహా పూర్తయినట్టు.

మూత ఉన్నా సరిపోని డ్రమ్ము

డెంగీ కాలంలో ఆటో మైకుల్లో వినిపించే మాట పరిసరాల పరిశుభ్రత. అది విన్న ఇల్లాలు వాకిలి ఊడుస్తుంది, కళ్ళాపి చల్లుతుంది, కాలువలో చెత్త తీయిస్తుంది. మంచి పనులే. కానీ డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కాలువ కంటే ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్ళే ఇష్టం. కొళాయి రోజూ రాని వీధుల్లో నీళ్ళు పట్టి ఉంచుకోక తప్పదు. తిరుపతి అద్దె ఇళ్ళలో మెట్ల కింద నీలం డ్రమ్ములు, పల్లెల్లో సిమెంటు తొట్లు, పశువుల కుడితి తొట్లు ఉంటాయి. ఏడిస్ దోమ అక్కడే, డ్రమ్ము గోడకు నీళ్ళ అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వేడిలో వారం పది రోజులు చాలు. వారానికి ఒకరోజు, శుక్రవారం నాడు డ్రైడే (నీళ్ళు నిలవ ఉన్నవన్నీ ఖాళీ చేసే రోజు) పాటించమని ప్రభుత్వం చెబుతున్నది అందుకే. ఆ కారణం మైకులో ఎవరూ చెప్పరు. చెప్పకపోవడంతో శుక్రవారం ఒక సెంటిమెంటు లాగా మిగిలిపోయింది.

ఇంకో ముఖ్యమైన వివరం కూడా జారిపోతుంది. నీళ్ళు పారబోస్తే చాలదు. గోడకు అంటుకున్న గుడ్లు నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి మళ్ళీ నీళ్ళు పోయగానే పొదుగుతాయి. డ్రమ్ము లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ‘వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపల పీచుతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ నింపి, సందు లేకుండా మూత పెట్టండి. ఫ్రిజ్ వెనక ట్రే, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు చూడండి.’ పరిశుభ్రత అన్న పెద్ద మాట ఎక్కడా లేకుండానే పని పూర్తిగా తెలిసింది.

డెంగీలో జ్వరం తగ్గడమే ప్రమాదకాలం మొదలన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడే కొందరిలో పరిస్థితి విషమిస్తుంది. ‘జ్వరం తగ్గింది, గండం గడిచింది’ అనుకునే సహజమైన ఆలోచనకు ఇది పూర్తిగా ఎదురు. అందుకే దీన్ని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. జ్వరం దిగాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ రకాలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవచ్చు, అదీ చెప్పిన మోతాదు దాటకుండా.

రెండు మాత్రలా, రెండేసి మాత్రలా

2006లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం, చెప్పిన సలహా అర్థమైందా లేదా అన్న విషయంలో కళ్ళు తెరిపించింది. ‘రోజుకు రెండుసార్లు రెండు మాత్రలు వేసుకోవాలి’ అన్న మందు సీసా రాతను చదవడం అంతగా రానివారి చేత చెప్పించారు. సుమారు 71 శాతం మంది సరిగ్గానే తిరిగి చెప్పారు. మరి రోజు మొత్తానికి ఎన్ని మాత్రలో లెక్కపెట్టి చూపించమంటే సరిగ్గా చూపించగలిగినవారు 35 శాతమే. వాక్యాన్ని అప్పజెప్పడం వేరు, చేసి చూపడం వేరు. ‘అర్థమైందా?’ అని అడిగితే మన ఓపీ గదుల్లో కూడా నూటికి తొంభైమంది తలూపుతారు. డాక్టరు ముందు అర్థం కాలేదని ఒప్పుకోవడం మర్యాదకు తక్కువనిపిస్తుంది, వెనక వరుస ఎదురుచూస్తూ ఉంటుంది. ‘ఇంటికి వెళ్ళాక ఈ మాత్రలు ఎలా వేసుకుంటావమ్మా, ఒకసారి నాకు చెప్పు’ అని అడిగితే నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో బయటపడే పొరపాట్లే తర్వాత వారం రోజుల మంచం పట్టడానికి కారణమయ్యేవి.

ఇక్కడ తెలుగుకు ఉన్న బలాన్ని వాడుకోకపోవడం విచారకరం. ‘పూటకు రెండేసి మాత్రలు, పొద్దున, రాత్రి, మొత్తం రోజుకు నాలుగు’ అంటే సందేహానికి తావే లేదు. ‘రెండేసి’లోని ‘ఏసి’ ప్రతిసారీ రెండు అని ఒక్క దెబ్బకు చెప్పేస్తుంది. ‘పరగడుపున’ అన్న మాట పల్లెలో ముసలివారికి కూడా తెలుసు. చీటీ మీద మాత్రం ఒకటి, సున్న, ఒకటి అని అంకెలుంటాయి. ఆ అంకెలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలిసినవారికి అవి చక్కటి సంకేతం, తెలియనివారికి ఏమీ కావు. 2011 జనగణన నాటికి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత సుమారు 71.5 శాతం. ఏడేళ్ళు దాటిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి చదవడం రాదు. చదవడం వచ్చినవారిలోనూ సరిహద్దు మండలాల్లో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడేవారున్నారు. కాబట్టి ఏ సలహా అయినా ఒకరు చదివి వినిపిస్తే ఇంకొకరు గుర్తుపెట్టుకుని ఇంట్లో చెప్పగలిగేలా ఉండాలి. రోగులు డాక్టరు చెప్పినదానిలో 40 నుంచి 80 శాతం వెంటనే మరచిపోతారని పరిశోధనలు చెబుతున్నాయి. పది జాగ్రత్తలు రాస్తే గుర్తుండేది బహుశా ఆ పదిలో అన్నిటికంటే ముఖ్యం కానిదే కావచ్చు.

విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఓఆర్ఎస్ పొడి కూడా ఇలాగే దారి తప్పుతుంది. పెద్ద పాకెట్టు లీటరు నీళ్ళకు, చిన్న పాకెట్టు 200 మిల్లీలీటర్లకు. పెద్ద పాకెట్టులో సగం ఒక గ్లాసులో కలిపి బిడ్డకు పడితే ఉప్పు ఎక్కువై హాని జరుగుతుంది. ‘మొత్తం పాకెట్టు ఒకేసారి, లీటరు నీళ్ళ సీసాలో’ అన్న మాట గోడమీద ఎక్కడ కనిపిస్తుంది? ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడైన తీపి పానీయాలు తల్లులను ఏళ్ళ తరబడి తికమక పెట్టాయి. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని కట్టడి చేసింది, మంచి నిర్ణయం.

జనం అప్పటికే అడుగుతున్న ప్రశ్న

వైద్య సలహా ఖాళీ బుర్రలోకి వెళ్ళదు. వేడి చేసేవి, చలవ చేసేవి, పథ్యం అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ ముందే ఉంది. గర్భిణికి ఎర్రటి ఐరన్ మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇవ్వాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. ఇంత ప్రయత్నం ఎందుకంటే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15–49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మాత్ర వేసుకున్న నాలుగో రోజు మలం నల్లబడుతుంది, కడుపులో మంట వస్తుంది. ‘మాత్ర వేడి చేసింది’ అని అత్తగారు తేల్చేస్తారు, మాత్రలు అటక ఎక్కుతాయి. ఆశా కార్యకర్త ముందే ఇలా చెప్పి ఉంటే కథ మారేది: “మలం నల్లగా వస్తుంది, భయం లేదు, అది ఐరన్ రంగే. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకో. నిమ్మకాయ నీళ్ళతో అయితే ఒంటికి బాగా పడుతుంది. కాఫీ, టీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు.” వేడి లేదు, చలవ లేదు, అదంతా మూఢనమ్మకం అని ఉపన్యాసం ఇస్తే ఆ మాత్ర అటక దిగదు.

రాగుల మీద ఇక్కడ ఉన్న గౌరవం కూడా చూడాలి. షుగర్ వచ్చినవారికి మొట్టమొదట దొరికే సలహా ‘అన్నం మానేసి సంగటి తిను’. రాగుల్లో పీచు, కాల్షియం బాగా ఉన్నాయి, నిజమే. పిండిపదార్థమూ బాగానే ఉంది, నూరు గ్రాముల్లో సుమారు 70 గ్రాములు. మెత్తగా పట్టించిన పిండితో కాచిన జావ రక్తంలో చక్కెరను వేగంగానే పెంచుతుంది. కనుక రాగులు మంచివా చెడ్డవా అన్న ప్రశ్నలో పస లేదు, ముద్ద ఎంత అన్నదే అసలు సంగతి. కంచంలో సగం ఆకుకూర, కూరగాయలు ఉండి, చిన్న ముద్ద సంగటి, పప్పు ఉంటే అది షుగర్ మనిషికి చక్కటి భోజనం. రెండు పెద్ద ముద్దలు, కాస్త పులుసు అయితే అన్నానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉంది. ఇంతమందికి ‘ఆహార నియమాలు పాటించండి’ అని చెప్పి వదిలేయడం అన్యాయం.

అంకెలతో భయపెట్టడమూ, అంకెలతో మభ్యపెట్టడమూ రెండూ తేలికే. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలవల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించారు. అసలు లెక్క ఏమిటంటే 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. రెట్టింపు అన్న మాట విని ఎంతోమంది మాత్రలు మానేశారు, తర్వాత అక్కడ అనుకోని గర్భాలు, గర్భస్రావాలు పెరిగాయి. ‘ముప్పు 50 శాతం తగ్గిస్తుంది’ అని మన దగ్గర ప్రకటన వచ్చినా అడగవలసింది ఇదే. వెయ్యిమందిలో ఎందరికి వచ్చేది, ఇప్పుడు ఎందరికి వస్తుంది?

పుత్తూరు కట్టు పేరు దక్షిణాది అంతా తెలుసు. ఎముక విరిగితే పెద్దాసుపత్రి దాటి అక్కడికి వెళ్ళేవారు ఇప్పటికీ ఉన్నారు. ‘నాటు వైద్యాన్ని నమ్మవద్దు’ అన్న బోర్డు వారిని ఇంతవరకూ ఆపలేకపోయింది, ఇకముందు ఆపజాలదు కూడా. తరాల నమ్మకాన్ని ఒక ఫ్లెక్సీ కొట్టేయలేదు. వెళ్ళేవారి ప్రాణానికి, కాలికి పనికొచ్చే మాటలు వేరే ఉన్నాయి. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి కనిపిస్తే, రక్తం కారుతుంటే, తలకో వెన్నుకో దెబ్బ తగిలితే నేరుగా ఆసుపత్రికే. కట్టు కట్టించుకున్నాక వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా కట్టు విప్పించి ఆసుపత్రికి వెళ్ళాలి. నిందలేని ఈ మాటను కట్టు కట్టేవారు కూడా తమ గోడమీద రాయించుకోగలరు.

పాత సలహాను మార్చవలసి వచ్చినప్పుడు పని ఇంకా కష్టం. పాము కరిస్తే కాటుకు పైన గట్టిగా తాడు కట్టాలని, గాటు పెట్టి రక్తం కార్చాలని ఒక తరం చిన్నప్పుడే నేర్చుకుంది. ఇప్పుడు వైద్యులు రెండూ వద్దంటారు. బిగించిన తాడు రక్తప్రసారాన్ని ఆపి అవయవాన్నే పోగొట్టవచ్చు. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి గాటు పెడితే రక్తం ఆగదు. వేరుశనగ చేలల్లో, రాత్రి నీళ్ళు కట్టే మళ్ళల్లో పనిచేసే రైతుకు ‘తాడు కట్టవద్దు’ అని ఒక్కమాట చెబితే అతను తాత చెప్పినదే పాటిస్తాడు. “ఇంతకు ముందు గట్టిగా కట్టమని మేమే చెప్పేవాళ్ళం. అది హాని చేస్తుందని తేలింది, ఇప్పుడు వద్దంటున్నాం” అని వైద్యశాఖే ఒప్పుకుని చెప్పాలి. ఆ తర్వాత చేయవలసిన పనులు రావాలి: కదలకుండా పడుకోబెట్టండి, ఉంగరాలు, కడియాలు తీసేయండి, కరిచిన చేయో కాలో కదలకుండా కర్రతో వదులుగా కట్టండి, 108కి ఫోను చేయండి. నేలమీద పడుకున్నవారిని రాత్రిపూట కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము కనబడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ప్రత్యేకంగా రాయాలి. ఆ రాత కింద తేదీ ఉండాలి, సలహా మారినప్పుడు పాతది ఏదో తెలియడానికి. అన్నిటికీ మించి, ఆ ఊరికి దగ్గరలో అర్ధరాత్రి కూడా విరుగుడు ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రి పేరు, అక్కడికి దూరం రాయాలి. అమరావతి నుంచి వచ్చే ముసాయిదాలో ఆ గీత ఖాళీగానే ఉంటుంది. దాన్ని నింపగలిగింది ఆ మండలం వైద్యాధికారి, అక్కడి ఊరి నర్సు (ఏఎన్‌ఎం) మాత్రమే.